కొర్రల మరకు లెక్కలు రాయడం: కళ్యాణదుర్గం ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, రెండో వారం

ప్రాజెక్టు ఇది. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్కన మూడు ఊళ్ళు. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు కలిసి కొర్రల పొట్టు తీసి బియ్యం చేసే ఒక చిన్న మర పెట్టుకుంటారు. శెనక్కాయ వేసే చేలల్లో కొంత భాగం కొర్ర వేసి, మధ్యలో కంది సాళ్ళు పెడతారు. ఇళ్ళ దగ్గర వాడిన నీళ్ళు పారే చోట ఆకుకూరల మడులు, నాలుగైదు నాటుకోళ్ళు. డబ్బు కొంత సంఘాలది, కొంత బ్యాంకు లోను, కొంత ఒక దాత సంస్థది. నా పని ప్లాను రాయించడం, తర్వాత అది పనిచేసిందో లేదో లెక్క చూడటం. రెండూ ఒకే మనిషి చేయకూడదంటారు. మా దగ్గర ఉండే జీతాలకు ఇద్దరు రారు.

కొర్రే ఎందుకని అడిగేవాళ్ళకు జవాబు తేలిక. జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. అందులోనూ ఒక్కో ఏడు జూలై అంతా మబ్బు చూపించి వెళ్ళిపోతుంది. కొర్ర ఎనభై తొంభై రోజుల్లో చేతికొస్తుంది, ఎండకు ఓర్చుకుంటుంది, ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. అంత మంచి పంట మరి ఎందుకు పోయింది? దీనికి జవాబు అంత తేలిక కాదు. అవ్వల్ని కూర్చోబెట్టి అడిగితే మూడు కారణాలు తేలాయి. శెనక్కాయ చేతికి డబ్బు తెచ్చింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, ఇప్పుడు రేషన్ బియ్యం ఊరికే ఇస్తున్నారు. మూడోది, కొర్రలు దంచే చాకిరీ. "పొద్దన్నే రోకలి పట్టుకుంటే ఎండ ఎక్కేదాంకా అదే పని, ఎవురికి కావాల పాపా" అని ఒక అవ్వ తేల్చేసింది.

మర తీర్చేది ఈ మూడో కారణాన్ని మాత్రమే. మిగతా రెండూ అలాగే ఉంటాయి. ఈ మాటను ప్లాను మొదటి పేజీలోనే రాయించాను.

ఏప్రిల్, చివరి వారం

చావడి ముందు ముగ్గుపిండితో ఊరి పటం గీయించాం. ఎవరి చేలు ఎక్కడ, ఏ ఇంట్లో పాడి ఉంది, ఏ ఇంటికి పెరడు లేదు, అంగడి, అంగన్‌వాడీ, బడి. పటం గీసేటప్పుడే ఎస్సీ కాలనీలో సగం ఇళ్ళకు మడి వేసుకునే జాగా లేదని బయటపడింది. ఆ ఇళ్ళకు మడుల బదులు కోళ్ళు ఎక్కువ ఇవ్వాలని అక్కడికక్కడే మార్చుకున్నారు. ఆఫీసులో కూర్చుని రాసుంటే ఈ తేడా కనబడేది కాదు.

తర్వాత వరస పేర్చాం: ఇది చేస్తే ఏమవుతుంది, అదయితే ఇంకేమవుతుంది. మర వస్తే దంచే పని తప్పుతుంది. పని తప్పితే కొర్ర వేస్తారు. వేస్తే తింటారు. తింటే ఆరోగ్యం. వినడానికి బాగుంది. వెనక కూర్చున్న ఒక రైతన్న మధ్యలో లేచాడు. "వేస్తే తింటారని ఎవరు చెప్పినారు? రేటు బాగుంటే బెంగుళూరు వ్యాపారికి పోసేస్తాం. శెనక్కాయలు పండిస్తాండాం గదా, ఇంట్లో ఎంత తింటాండాం?"

అందరూ నవ్వారు గానీ ఆ వరసలో తెగే చోటు అదే. ఎర్ర రంగుతో గీత గీశాం. ప్లానులో ప్రతి బాణం గుర్తు కిందా "ఇది నిజం కావాలంటే ఏం జరగాలి" అని రాసుకోవాలని ట్రైనింగుల్లో చెప్తారు. ఇంగ్లీషు ఫారాల్లో ఆ గడి చిన్నగా ఉంటుంది కాబట్టి ఎవరూ నింపరు. మేం ఆ ఒక్క గడికి చార్టు మొత్తం వాడేశాం.

బడి సంగతి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. బడిలో కొర్రన్నం పెట్టించాలని అక్కలకు బాగా కోరిక. బడి భోజనం మెనూ, బియ్యం రెండూ పైనుంచి వస్తాయి. మన రాష్ట్రంలో 2023 నుంచి పిల్లలకు రాగిజావ ఇస్తున్నారు, అది కూడా ప్రభుత్వం తీసుకున్న నిర్ణయమే. మూడు ఊళ్ళ సంఘాలు అడగగలవు, మార్చలేవు. అందుకని ముగ్గుతో మూడు చుట్లు గీశాం. లోపలి చుట్టులో మన చేతిలో ఉన్నవి, మధ్యలో మనం అడిగి మార్పించగలిగినవి, బయట మన మాట చెల్లనివి. బడి మెనూ బయటి చుట్టులోకి పోయింది. అంగన్‌వాడీ టీచరు మధ్య చుట్టులో. ఫలితాల లెక్క లోపలి రెండు చుట్లకే కడతాం.

మే, మొదటి సగం

ఇప్పుడు అసలు తలనొప్పి. ప్రాజెక్టు మొదలవకముందు ఇళ్ళల్లో ఏం తింటున్నారో రాసిపెట్టుకోవాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఎఫ్‌ఏఓ, ఆడవాళ్ళ తిండిలో వైవిధ్యం చూడటానికి ఒక కొలత ఇచ్చింది. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళను నిన్న పగలూ రాత్రీ ఏం తిన్నారని అడగాలి. తిన్నవాటిని పది గుంపులుగా పంచాలి: ధాన్యాలూ దుంపలూ ఒక గుంపు, పప్పులు ఒకటి, గింజలూ పలుకులూ ఒకటి, పాలూ పెరుగూ, మాంసం చేపలు, గుడ్లు, ముదురాకుపచ్చ ఆకుకూరలు, విటమిన్ ఏ ఎక్కువున్న పండ్లూ కూరగాయలూ, మిగతా కూరగాయలు, మిగతా పండ్లు. కనీసం ఐదు గుంపుల నుంచి తిన్నవాళ్ళు ఊళ్ళో ఎంత శాతమో చూడాలి. ఇది ఒక్కొక్క మనిషికి మార్కులు వేసే పరీక్ష కాదు, ఊరి మొత్తానికి వేసే లెక్క. ఈ తేడా చెప్పకపోతే "నాకెన్ని మార్కులొచ్చినాయి మేడం" అని అడుగుతారు. అడిగారు కూడా.

ప్రశ్నలు చేతిలో పెట్టుకుని ఇంటికి వెళ్తే అనంతపురం తిండి ఆ గడుల్లో సులభంగా కూర్చోదు. మొదటి ఇంట్లోనే గొడవ. రాగి సంగటి, ఊరిబిండి అనే పచ్చడి, మజ్జిగ. ఊరిబిండిలో శెనక్కాయ పలుకులు ఉన్నాయి. శెనక్కాయ మొక్కను చూస్తే పప్పుజాతి, కానీ ఈ కొలతలో గింజలూ పలుకుల గుంపులో వేస్తారు. అది సరే. ఏ పదార్థమైనా 15 గ్రాముల లోపు తింటే లెక్కలోకి రాదు, అంటే ఒక టేబుల్ స్పూను కంటే తక్కువైతే కొట్టేయాలి. సంగటి ముద్దలో గుంట చేసి వేసుకునే ఊరిబిండి ఎంతుంటుంది? ఒక ఇంట్లో చిటికెడు కారంలా వేసుకుంటారు, ఇంకో ఇంట్లో గిన్నెడు. చివరికి వంటగదిలోంచి గంటె తెప్పించి, "ఇంత ఉండిందా, అంత లేదా" అని చూపించి అడగడం మొదలుపెట్టాం. టీలో పోసే కొద్దిపాటి పాలు లెక్కకు రావు. అది చెప్పేసరికి ఒకక్కకు కోపం వచ్చింది: "ఉండే పాలన్నీ టీకే పోతాయి, అవి పాలు కాకుండా ఎట్లా పోతాయి?"

ఆకుకూరల దగ్గర ఇంకో చిక్కు. గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు చేలగట్ల మీద ఊరికే దొరికేవి. వీటిని కూరలా చెప్పుకోరు. "ఏం కూర?" అంటే "ఏమీ లేదు, పప్పే" అంటారు. ఆ పప్పులో గుప్పెడు చెంచలాకు ఉంటుంది. పేరు పెట్టి అడిగితే తప్ప చెప్పరు. ప్రశ్నల కాగితం మీద ఆకుల పేర్లన్నీ రాయించాం.

ఏ రోజు అడుగుతామన్నది కూడా ముఖ్యం. సోమవారం పోతే నిన్న ఆదివారం, సగం ఇళ్ళల్లో కోడి. శనివారం సంగతి ఆదివారం అడిగితే చాలా ఇళ్ళల్లో మాంసం ముట్టరు. పండగ మరుసటి రోజు అడగకూడదు. అందుకని వారంలో అన్ని రోజులూ వచ్చేలా ఇళ్ళను పంచుకున్నాం.

49 దాటినవాళ్ళు ఈ లెక్కలో లేరు. కొర్ర ఎట్లా వండాలో తెలిసిన అవ్వలందరూ దానివల్ల బయట ఉండిపోయారు. నాకైతే నచ్చలేదు, కానీ కొలత మనిష్టం వచ్చినట్టు మారిస్తే వేరే ఊళ్ళతో పోల్చుకోలేం. అవ్వల మాటలు వేరే పుస్తకంలో రాస్తున్నాను.

మే, మూడో వారం

లెక్కలు కాగితం మీద పెట్టి చూస్తుంటే ఒక విషయం తగిలింది. బియ్యం ధాన్యం, కొర్ర ధాన్యం, రాగి ధాన్యం. అందరూ రోజూ అన్నమో సంగటో తింటారు కాబట్టి మొదటి గుంపు అందరికీ పడిపోయింది. రేపు ఊరంతా బియ్యం మానేసి కొర్రన్నం తిన్నా ఈ కొలతలో ఒక్క గుంపు కూడా పెరగదు! మన ప్రాజెక్టులో పెద్ద ఖర్చు మరకే. అది ఎంత బాగా ఆడినా ఈ కొలతలో సున్నా. కొలతను కదిపేవి కంది సాళ్ళు, ఆకు మడులు, గుడ్లు. బడ్జెట్లో అన్నిటికంటే తక్కువ డబ్బు పెట్టింది వాటికే.

మీటింగులో ఇది చెప్పగానే రెండు పక్షాలయ్యాయి. కొలతే తప్పు, వదిలేయమన్నారు కొందరు. బడ్జెట్టే మార్చమన్నారు ఇంకొందరు. నా మాట చెప్పమంటే చెప్పాను: బియ్యం బదులు కొర్ర తింటే పీచు, ఇనుము లాంటివి కొంత ఎక్కువ వస్తాయి, అది ఈ కొలతకు అందని లాభం. దానికి వేరే ప్రశ్న పెట్టుకోవాలి, వారంలో ఎన్ని పూటలు కొర్ర వండినారని. అయితే పప్పు, ఆకు, గుడ్డు లేని ఇంట్లో బియ్యాన్ని తీసి కొర్ర పెట్టినంత మాత్రాన తిండి మెరుగైందని నేను రాయలేను.

సంఘం లీడరక్క మర పక్కన వేయాలనుకున్న రేకుల షెడ్డు సైజు తగ్గించి, ఆ మిగులు కోళ్ళకూ మడుల వలలకూ మళ్ళించింది. దాత సంస్థకు మెయిలు పెట్టాం. ఎన్ని కుటుంబాలకు లబ్ధి అన్న గడి ఒక్కటి మారకుంటే చాలన్నారు వాళ్ళు. మారలేదు.

జూన్

మర బేరం. పొట్టు తీసేది, రాళ్ళు వేరు చేసేది, జల్లెడ. మూడూ కలిపి కొనాలి, లేకపోతే ఉపయోగం లేదు. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం రాయితీ దొరికింది, కాకపోతే బ్యాంకు లోనుతో ముడిపెట్టి. లోను కాగితాలకే నెల పట్టింది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం సులభంగా అయింది. మాలాంటి చిన్న వ్యాపారానికి చిన్న రిజిస్ట్రేషన్ చాలు, ఫీజూ తక్కువే.

విత్తనం నంద్యాల పరిశోధన కేంద్రం రకం, ఎస్‌ఐఏ 3085. ఐదు సాళ్ళు కొర్ర, ఒక సాలు కంది. అన్ని చేలూ ఒకే చోట ఆనుకుని ఉండాలని పట్టుబట్టాం. ఎక్కడో ఒక ఎకరా ఒంటరిగా వేస్తే ఊరి పిట్టలన్నీ దాని మీదే వాలతాయి. పక్కపక్కన ఇరవై ఎకరాలుంటే నష్టం అందరికీ తలాకొంచెం పడుతుంది.

జూలై, ఆగస్టు

పునర్వసు కార్తెలో పదునైంది, గొర్రు పట్టి విత్తారు. తర్వాత బెట్ట. శెనక్కాయ చేలు వాడిపోతుంటే కొర్ర ఆకు చుట్టుకుని నిలబడింది. ఆశ్లేషలో ఒక వాన పడింది, మళ్ళీ లేచింది. ఇక్కడ రాసేంత ఇంకేం లేదు. కలుపు తీయడం, కోళ్ళకు టీకా, రెండు మడుల్ని మేకలు మేసేయడం.

అక్టోబర్, మొదటి వారం

కోతలయ్యాయి. మరకు మొదటి బస్తాలు వచ్చాయి. గింజలో రాళ్ళు, మట్టి. తారురోడ్డు మీద ఆరబోసి ట్రాక్టరు తిప్పినవాళ్ళవి అలా ఉన్నాయి, కల్లంలో టార్పాలిన్ మీద ఆరబెట్టినవాళ్ళవి శుభ్రంగా ఉన్నాయి. రాళ్ళ మిషను ఉన్నా గింజంత సైజు రాయిని అది పట్టలేదు. మర నడిపే చెల్లెలు ఒక నియమం పెట్టింది: రోడ్డు కొర్రలు చివర్లోనే, శుభ్రమైనవి ముందు. ఎవరూ మీటింగు పెట్టి తీర్మానించలేదు. ఈ ప్రాజెక్టులో నాకు నచ్చిన నిర్ణయాల్లో ఇదొకటి.

క్వింటాలు కొర్రలు ఆడిస్తే 60 నుంచి 70 కిలోల బియ్యం రావాలి. మొదటి రోజుల్లో తక్కువ వచ్చింది, నూక ఎక్కువైంది. గింజ సరిగా ఆరకపోతే ఒత్తుకుపోతుంది, మరీ ఎండితే విరుగుతుంది. ప్రతి ఇంటి బస్తా తూకం, బియ్యం తూకం, నూక తూకం మూడూ రాయాల్సిందేనని రిజిస్టరు పెట్టాం. పొట్టు పశువుల కిందకు పోతోంది.

ఆడించిన కొర్రబియ్యం ఎక్కువ కాలం నిలవదు. పొట్టుతో ఉంటే గింజ ఏళ్ళ తరబడి ఉంటుంది, పొట్టు తీశాక కొన్ని నెలల్లోనే పురుగు పడుతుంది, కమురు వాసన వస్తుంది. అందువల్ల ఇంటికి కావాల్సింది నెల నెలా కొంచెం కొంచెం ఆడించుకోవాలి. అంటే మర పంట రోజుల్లోనే కాదు, ఏడాది పొడుగునా వారానికి ఒక్కరోజైనా తిరగాలి. ప్లానులో ఈ ఖర్చు ఉంది కాబట్టి సరిపోయింది. చాలా ఊళ్ళల్లో మరలు మూలపడేది ఇక్కడే అని నా అనుమానం.

అక్టోబర్, చివర

రిజిస్టరులో ఆఖరి గడి "ఇంటికా, అమ్మకానికా". ఏప్రిల్లో ఎర్ర గీత గీసిన చోటు ఇదే. వ్యాపారి వచ్చాడు, రేటు చెప్పాడు, చాలామంది పోశారు. జొన్న, సజ్జ, రాగులకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, ఆ జాబితాలో కొర్ర లేదు. అందుకని వ్యాపారి చెప్పిందే రేటు. పోసినవాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. బిడ్డ కాలేజీ ఫీజు కట్టాల్సిన ఇంట్లో కొర్ర దాచుకోమని ఎవరు చెప్తారు?

సంఘంలో ఒక ఆలోచన వచ్చింది: ఇంటికి ఆడించుకునేవాళ్ళకు ఆడింపు కూలి సగం చేద్దాం, అప్పుడైనా తింటారు. నేను వద్దన్నాను. సగం కూలి పెట్టిన రోజు నుంచి అందరి బస్తాలూ "ఇంటికే" అవుతాయి. ఆ గడిలో రాసింది ఇక ఎవరూ నమ్మలేరు, మాకు ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది. చాలాసేపు వాదనలయ్యాయి. చివరికి కుదిరింది ఇది: కూలి అందరికీ ఒకటే. ప్రతి ఇంటికీ మొదటి బస్తా మర గదిలో ఆ ఇంటి పేరుతో పొట్టు తీయకుండా దాచాలి, నెల నెలా అందులోంచే ఆడించుకోవాలి. ఎవరైనా మధ్యలో అమ్మాలంటే అమ్మవచ్చు, అడ్డుకోం. బస్తా ఎంత దిగిందో చూస్తే చాలు, ఎవరినీ ప్రశ్న అడగాల్సిన పని లేదు.

నవంబర్

పది ఇళ్ళల్లో "నిన్న ఏం వండినారు" అని నెలకోసారి చూస్తున్నాం. మొదటిసారి ఏ ఊరి అక్కలు ఆ ఊళ్ళోనే అడిగితే అందరూ కొర్రన్నమే చెప్పారు. "మిషను పెట్టినారు గదా, తినలేదంటే ఏమనుకుంటారో" అన్న మొహమాటం. ఇప్పుడు ఊళ్ళు మార్చుకున్నాం. ఒక ఊరి అక్కలు ఇంకో ఊరికి వెళ్తారు, కొర్ర మాట ముందుగా ఎత్తరు, పొద్దున్నుంచి వరసగా ఏం తిన్నారో చెప్పించుకుంటారు. బొరుగుల ఉగ్గాని తిన్న ఇంట్లో ఉగ్గాని అనే చెప్తున్నారు.

కొర్ర ఎక్కువగా కనబడుతోంది షుగరు ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో. డాక్టరు చెప్పాడని తింటున్నారు. తర్వాత అవ్వలున్న ఇళ్ళల్లో. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో బాగా తక్కువ. పిల్లలు నమలలేమంటున్నారు. కొర్రబియ్యం రాత్రి నానబెట్టి వండితే మెత్తబడుతుందని అవ్వల పుస్తకంలో ఉంది. నీళ్ళు కూడా వరిబియ్యం కంటే ఎక్కువ పోయాలి. అంగన్‌వాడీ టీచరు ఒప్పుకుంది, నెలకొకసారి అక్కడ వంట చేసి చూపిస్తారు.

మడులు బాగున్నాయి, ఆకు తింటున్నారు. వానలు పడిన నెలల్లో ఆకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి దీన్ని ప్రాజెక్టు గొప్ప అని రాసుకోను.

డిసెంబర్

దాత సంస్థ వాళ్ళు వచ్చి చూసి సంతోషపడ్డారు. మర ఆడిన గంటలు, క్వింటాళ్ళు, ఫొటోలు. తిండి సర్వే ఇప్పుడే మళ్ళీ చేసి రిపోర్టులో పెట్టమన్నారు, మార్చిలో వాళ్ళ ఏడాది ముగుస్తుందట. కుదరదని చెప్పాను. మొదటి సర్వే మే నెలలో, ఆకు దొరకని ఎండల్లో చేశాం. ఇప్పుడు పంటలు ఇంట్లో ఉన్నాయి, కంది చేలు కాయలతో ఉన్నాయి, ఆకు ఉంది. ఈ నెల లెక్క తీసుకుని మే లెక్క పక్కన పెడితే ప్రాజెక్టు లేని ఊళ్ళో కూడా తిండి మెరుగైనట్టే కనబడుతుంది. పోల్చాలంటే మేకి మేనే పెట్టాలి. పైగా పనులేవీ జరగని పక్క ఊరు ఒకటి ఉంది, అక్కడా మొదటి మేలో అడిగి పెట్టుకున్నాం. ఈసారీ అక్కడ అడగాలి.

వాళ్ళకు టెన్షన్, నాకూ టెన్షనే. చివరికి రాజీ: మార్చి రిపోర్టులో మర లెక్కలు, మొదటి బస్తాల లెక్క, పది ఇళ్ళ వంటల లెక్క ఇస్తాం, తిండి సర్వే గడిలో "మేలో చేసి జూన్‌లో ఇస్తాం" అని రాస్తాం. ఆ గడి ఖాళీగా ఉంటే రెండో ఏడాది డబ్బుకు ఇబ్బంది కావచ్చని వాళ్ళలో ఒకాయన మెల్లగా అన్నాడు. కావచ్చు.

జనవరి, సంక్రాంతి తర్వాత

కంది కొట్టారు. ఈసారి పప్పు ఇంట్లో ఉంచుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. పప్పు కొనడానికి అంగట్లో పెట్టే డబ్బు కళ్ళముందు కనబడుతుంది కాబట్టి కాబోలు. కొర్రకు ఆ లెక్క లేదు, పక్కన బియ్యం ఊరికే వస్తోంది. ఏప్రిల్లో అవ్వలు చెప్పిన రెండో కారణం ఇప్పుడు కాగితం మీద కూడా కనబడుతోంది.

మొదటి బస్తాల లెక్క తీశాం. కొన్ని ఇళ్ళవి సగానికి దిగాయి, కొన్ని ముట్టలేదు, కొన్నిటిని అమ్మేశారు. ముట్టని బస్తాల ఇళ్ళకు వెళ్ళి ఎందుకని అడగాలా వద్దా అన్నది మీటింగులో తేలలేదు. అడిగితే వచ్చే నెల మొహమాటానికైనా ఆడిస్తారు, మన లెక్క చెడుతుంది. అడగకపోతే కారణం తెలియదు. ముట్టని ఇళ్ళల్లో సగం మందినే అడుగుదామని మర నడిపే చెల్లెలు అంది. మిగతా సగాన్ని వదిలేస్తే అడగడం వల్ల ఏం మారిందో కూడా తెలుస్తుందట. చీటీలు వేసి ఇళ్ళు తీశాం. ఎల్లుండి నుంచి పక్క ఊరి అక్కలు వెళ్తారు.